మాట గలవారు, మాట లేనివారు
(‘కన్యాశుల్కము’ నాటక పాత్రలను గూర్చి గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు దీపము కొండెక్కకుండ నిలుచుట సామాన్యమైన విషయము కాదు. బీరువాలో పుస్తకములుండుట వేరు, వాని అట్టలు నలిగి, మూలలు మడిగి, చేతుల జిడ్డు పట్టి యుండుట వేరు. మన గ్రంథాలయమున అట్లు మిక్కిలి నలిగిన పుస్తకములలో ‘కన్యాశుల్కము’ ఒకటి. నాటకములందును నవలలందును పాత్రలను ఎట్లు పరిశీలింపవలెనో చెప్పుమని కార్యవర్గమువారు నన్నాజ్ఞాపించినారు. పది గ్రంథములను పైపైన తడవుటకంటె, మన ప్రాంతమున పుట్టి, మన వీధులలోని మాటలతో నిండిన ఈ యొక్క నాటకమును పట్టుకొని చెప్పుట మేలని తోచినది. ఇందులో ఒక చమత్కారము కూడ నున్నది. వాడుకభాషలో వ్రాయబడిన నాటకమును గూర్చి నేను గ్రంథభాషలో వ్రాసికొని వచ్చి చదువుచున్నాను. ఇది పాత అలవాటు. అప్పారావుగారు బ్రతికియున్నచో నన్ను కూడ ఒక పాత్రను చేసి యుందురు.

ముందుగా గ్రంథవిషయము రెండు మాటలలో చెప్పెదను. గురజాడ అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21వ తేదీన రాయవరమున జన్మించి, విజయనగరమున చదివి, అచ్చటి మహారాజా కళాశాలలో అధ్యాపకులై, పిమ్మట సంస్థానమున శాసన పరిశోధకులై, 1915 నవంబరు 30వ తేదీన కీర్తిశేషులైనారు. ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడినది. 1897లో అచ్చయినది. దానిని ఆయన సమూలముగా తిరుగవ్రాసి 1909లో మరల ప్రకటించినారు. నేడు మనము చదువుచున్నది ఏడంకములు గల ఆ రెండవ కూర్పే.

నాటకమునకు కారణమైన విషయము కల్పితము కాదు. నాటి విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లకాలమున జరిగిన శుల్క వివాహముల పట్టికను మహారాజావారు తయారు చేయించినారు. సొమ్ము పుచ్చుకొన్నామని ఒప్పుకొనువారు తక్కువ గనుక అది సంపూర్ణమైన పట్టిక కాదు. అయినను అందులోని లెక్క 1034. వారిలో అయిదేండ్ల బాలికలు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల మున్నూటయేబది మొదలు నన్నూరు రూపాయల వరకు నుండెను. ఈ లెక్కను అప్పారావుగారే తమ ఆంగ్ల పీఠికలో తెలిపినారు. ఇట్టి యేడ్పు పుట్టించు విషయమును తీసికొని ఆయన ప్రజలను నవ్వించు నాటకము వ్రాసినారు. ఎందుకు నవ్వించినారు? నవ్విన పిదప మనము ఏమి చేయవలెను? నేటి నా ప్రసంగమునకు ఇవే మూలప్రశ్నలు.

పాత్ర పరిశీలనకు మొదటి సూత్రము చెప్పెదను. నవలలో గ్రంథకర్త మన ప్రక్కన కూర్చుండి యుండును. వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ చదువునప్పుడు, ఫలానివాడు ముఖస్తుతులు చేయువాడు, ఫలానిది మూఢవిశ్వాసము అని ఆయనయే మనకు చెప్పుచుందురు. నాటకమున ఆ సౌకర్యము లేదు. గ్రంథకర్త తెర వెనుకకు పోవును. మనకు మిగులునవి మాటలు, చేతలు, మాటకును చేతకును నడుమనున్న ఎడము. ఆ యెడమును కొలుచుటయే పాత్ర పరిశీలన.

గిరీశమును చూడుడు. నాటకము విజయనగరములోని బొంకులదిబ్బపై ఆరంభమగును. అది నిజముగా నున్న స్థలమే. కాని బొంకులకు పుట్టినిల్లైన మనుష్యుని మనకు మొదట అచ్చట నిలిపి చూపుట కవి చేసిన చిన్న కొంటెతనము. అతడు వచ్చుచునే తనలో తాను మాటాడుకొనును. దీనిని స్వగతమందురు. ఇతరులతో అబద్ధమాడువాడైనను స్వగతములో అబద్ధమాడడని ప్రేక్షకుల నమ్మకము. సంతలో సామాను తెచ్చెదనని పూటకూళ్లమ్మ యొద్ద ఇరువది రూపాయలు తీసికొని, దానిని వేశ్యకు ఖర్చుచేసిన సంగతి అతడే మనకు చెప్పును. సిగ్గుపడుచు చెప్పడు, లెక్క చూచుకొనుచున్న వర్తకునివలె చెప్పును. అనగా తొలిపుటలోనే మన చేతికి అతని చిట్టా వచ్చినది. ఇతడెట్టివాడో మాకు తెలియదని మనము పిమ్మట చెప్పుటకు వీలులేదు.

అటుపిమ్మట అతడు ఎవరితో మాటాడిన వారి భాష యగును. బాకీ యడుగవచ్చినవానికి ఇంగ్లీషు. పరీక్ష తప్పిన వెంకటేశమునకు విద్యామహిమ. దావాలన్నచో ప్రాణము పెట్టు అగ్నిహోత్రావధానులకు కోర్టు వ్యవహారము. చిన్ననాటనే వితంతువైన బుచ్చమ్మకు పునర్వివాహ ధర్మము. సంస్కార ప్రియులైన సౌజన్యారావుగారి యెదుట వేశ్యా నిర్మూలనోత్సాహము. గురుశిష్యులు ఇంటివారి ముచ్చట తీర్చుటకై ఇంగ్లీషులో మాటాడు ఘట్టము మీకందరికిని కంఠస్థమే. అక్కడ అర్థము లేదు, శబ్దము మాత్రమున్నది. ఆ శబ్దమునకే ఇల్లంతయు పరవశమగును. చదువు రానివారిని చదువు పేర మోసగించుట ఎంత సులభమో ఇంతకంటె స్పష్టముగా చూపినవారు లేరు.

ఇక్కడ గమనింపదగిన దొకటి కలదు. వితంతు వివాహమును గూర్చి అతడు చెప్పు మాటలలో చాలభాగము నిజమే. వితంతు వివాహమునకు 1856లోనే చట్టమున్నది. 1881లో వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున అట్టి వివాహము జరిపించియే యుండిరి. మంచిమాట చెడ్డవాని నోటినుండి వచ్చినప్పుడు మనము ఏమి చేయవలెను? మాట చెడ్డదని త్రోసివేయుదుమా? మనిషి మంచివాడని నమ్ముదుమా? రెండును తప్పులేయని నాటకము నెమ్మదిగా నేర్పుచున్నది.

మన ఆలంకారికులు నాయకులను ధీరోదాత్తుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు, ధీరోద్ధతుడు అని నాలుగు విధములుగా విభజించినారు. గిరీశము ఏ గదిలోను ఇముడడు. విదూషకుడనవచ్చునా? విదూషకుడు ఇతరులను నవ్వించి తాను నష్టపడును. ఇతడు నవ్వించి లాభపడును. మధురవాణి యింట మంచము క్రింద ఇతడును రామప్పంతులును దాగిన ఘట్టమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పూటకూళ్లమ్మ చీపురుకట్టతో వచ్చినది ఇతనికొరకు. దెబ్బ తగిలినది రామప్పంతులునకు. మనము పకపక నవ్వితిమి. నవ్వుచునే ఒక సంగతి మరచితిమి: ఈ నాటకమంతయు గిరీశము చేసిన పనికి దెబ్బ మరియొకరికి తగులుటయే. షేక్స్పియరు మహాకవి సృష్టించిన ఫాల్స్టాఫ్ అను పాత్ర ఇట్టిదే. తాగుబోతు, అప్పులవాడు, బొంకులవాడు. అయినను ప్రేక్షకులు అతని రాకకే ఎదురుచూతురు. మాటకారితనమునకు మన మనస్సులు లొంగును. ఆ లొంగుబాటును మనకే పట్టియిచ్చుట గొప్ప నాటకకర్తల పద్ధతి.

ఇక పేర్ల విషయము. పాత్రకు తగిన పేరు పెట్టుట పురాతనమైన శిల్పము. లుబ్ధుడనగా పిసినారి, ఆ అవధానులకు ఆ పేరే. మండిపడు అవధానులకు అగ్నిహోత్రుడని పేరు. ఉపాయశాలి యగు శాస్త్రికి పంచతంత్రములోని నక్క పేరైన కరటకుడు దొరికినది. మంచితనము మూర్తీభవించిన వకీలు సౌజన్యారావు. కాని ఒట్టి పేరులకు కట్టుబడియున్నచో ఇవి బొమ్మలై యుండెడివి. కవి ఆ పేరును దాటి మనిషిని చూచినాడు. లుబ్ధావధానులు పిసినారియే, ముదిమిలో పెండ్లికాసపడినవాడే. కాని హత్యానేరము మీదపడి అతడు వణకుచుండగా మనకు జాలి కలుగును. అగ్నిహోత్రావధానులు రాక్షసుడు కాడు; తన తాతతండ్రులు చేసినదే తాను చేయుచున్నానని నమ్మిన గృహస్థుడు. రాక్షసులైనచో మనము వారిని సులభముగా ద్వేషించి ఇంటికి పోవుదుము. మన పొరుగువారివలె, ఒక్కొక్కప్పుడు మనవలెనే యుండుటచేత ఆ పని అంత సులభము కాకున్నది.

మధురవాణి పేరునకు తీయని పలుకులదియని యర్థము. 1897 కూర్పుకంటె 1909 కూర్పులో ఈ పాత్ర మిక్కిలి పెరిగినది. గిరీశమువలెనే ఈమెయు మాటనేర్పరి. ఈమెయు ఎవరికి తగినట్లు వారితో మాటాడును. మరి భేదమెచ్చట? గిరీశము మాటనేర్పు తనను తాను కాపాడుకొనుటకు. ఈమె మాటనేర్పు తనకేమియు కాని ఒక చిన్నపిల్లను కాపాడుటకు. కరటకశాస్త్రి పన్నిన కపట వివాహమునకు తోడ్పడి, తన కంటెను కూడ పెట్టి, తుదకు చిక్కులు వచ్చినప్పుడు పురుషవేషము ధరించి సౌజన్యారావుగారి యింటికి పోయి నిజము చెప్పును. సంఘము ఎవరిని గడప త్రొక్కనీయదో ఆమెయే సంఘము చేయవలసిన పని చేసినది. సౌజన్యారావుగారు వేశ్య ముఖము చూడనని వ్రతము పట్టినవారు. ఆ వ్రతము మంచిదే. కాని దానిచేత వారు నిజము చెప్పువారిని బయట నిలిపి, అబద్ధము చెప్పువానిని లోపల కూర్చుండబెట్టుకొన్నారు. సజ్జనులమనుకొను మనమందరము రెండుసార్లు చదువవలసిన ఘట్టమిది.

పై చెప్పిన రెండు వేషములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. కరటకశాస్త్రి శిష్యుడు మహేశము ఆడపిల్ల వేషము వేసి లుబ్ధావధానులకు పెండ్లికూతురగును. మధురవాణి మగవేషము వేసి న్యాయవాదిని కలియును. మొదటి వేషము కథకు ముడి వేసినది. రెండవది దానిని విప్పినది. పెండ్లికూతురు మగపిల్లవాడని మనకు తెలియును, లుబ్ధావధానులకు తెలియదు. ప్రేక్షకునికి తెలిసినది పాత్రకు తెలియకుండుటచేత ప్రతి సామాన్యమైన మాటయు రెండర్థములతో మ్రోగును. నవ్వునకు ఇది మూలము; భయమునకును ఇదియే మూలము.

ఇప్పుడొక స్వానుభవము చెప్పి ముఖ్యవిషయమునకు వచ్చెదను. కొంతకాలము క్రిందట ఈ చావడిలోనే మేము కొన్ని రాత్రులు ఈ నాటకమును పైకి చదివితిమి. నేను గిరీశము మాటలు చదివితిని. శ్రోతలు బాగుగా నవ్వుచుండిరి గనుక నాకు కొంత గర్వము కూడ కలిగినది. నాలుగవ రాత్రి కాబోలు, స్తంభము నానుకొని కూర్చున్న ఒక ముదుసలి, అక్షరము రానిది, నన్నాపి యిట్లడిగినది: “మేష్టరుబాబూ, ఇంతమంది ఇన్నేసి మాటలాడతన్నారు గదా, ఆ గుంట యేటంటాదో ఒక్కలూ అడగరేటి?”

ఎవరిని గూర్చి అడుగుచున్నదో నాకు వెంటనే స్ఫురింపలేదు. సుబ్బిని గూర్చి! నేను పుస్తకము మూసితిని. ఎన్నియో మారులు చదివిన నాటకము. పరీక్షలకై పిల్లలకు బోధించిన నాటకము. ఆ ప్రశ్న నాకెన్నడును తోచలేదు.

ఆలోచింపుడు. ఈ యేడంకముల కథకు కారణము సుబ్బి. ఆమెను ముసలివానికి అమ్ముటకు తండ్రి నిశ్చయించెను గనుకనే కరటకశాస్త్రి పన్నాగము, మహేశము వేషము, మధురవాణి సాయము, కోర్టు వ్యవహారము. అందరును ఆమెను గూర్చి మాటాడుదురు. ఆమె వాక్కు మాత్రము దాదాపుగా వినబడదు. ఆడపిల్ల వేషము వేసిన మగపిల్లవానికి కావలసినన్ని మాటలున్నవి. నిజమైన ఆడపిల్లకు లేవు. తల్లి వెంకమ్మకు మాటలున్నవి కాని చెల్లవు. పెద్దకూతురు బుచ్చమ్మ బ్రతుకు ఇట్టి పెండ్లిచేతనే నాశనమైనదని ఆమె మొత్తుకొన్నను భర్త వినలేదు. మాట చెల్లనప్పుడు ఆమెకు మిగిలినది నుయ్యి. ఆమె నూతిలో పడిన వార్త వచ్చినప్పుడు, అంతవరకు నవ్విన మనకు ఒక్కసారి నోరు పడిపోవును. బుచ్చమ్మయో? గిరీశము తీయని మాటలు విని వెళ్లిపోయిన వెర్రిదానివలె ఆమెను తలచుట వాడుక. కాని ఆమె అతనిని పదేపదే అడిగినదేమి? చెల్లెలి పెండ్లి తప్పించు ఉపాయమున్నదా యని. తన సుఖమునుకంటె ముందు చెల్లెలి బ్రతుకు ఆమెకు కనబడినది. ఆ యొక్క మాటను గిరీశము ఉచ్చుగా మార్చినాడు. మాటలు లేనివారి ఒక్క మంచిమాటయు మాటకారి చేతిలో సాధనమగుటకంటె విషాదమేమున్నది?

సుబ్బి మాటాడకుండుట కవి మరపు కాదని నా నమ్మకము. పట్టికలోని ఆ 1034 మందిలో ఒక్కరినైన ఎవరైన అడిగిరా? ఏడాది పసిబిడ్డ యేమనును? అడుగబడని వారిని అడుగబడని వారినిగనే చూపుట ఒక శిల్పము. మాటల సంతలో ఒక మూల మౌనమునుంచి, దానిని మనము కనుగొందుమో లేదో యని కవి వేచియున్నాడు. నాకంటె ముందు ఆ ముదుసలి కనుగొన్నది. పుస్తకము చదువుటకు అక్షరములు కావలెను. మనిషిని చదువుటకు అవి మాత్రమే చాలవు.

ముగింపును గూర్చి ఒక్క మాట. సౌజన్యారావుగారు బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయమునకు చదువుకొనుటకై పంప నిశ్చయింతురు. 1896లో కర్వేగారు పూనాలో వితంతువులకై ఒక ఆశ్రమమును స్థాపించి యుండిరి గనుక ఇది కాలమునకు తగిన ముగింపు. అనగా ఆమెకు వెంటనే పెండ్లి కాదు, ముందు చదువు. తరువాత ఏమి చేయవలెనో ఆమెయే తేల్చుకొనును. కథలో మొదటిసారిగా ఒక ఆడపిల్ల ఇష్టమునకు చోటు దొరికినది. గిరీశమునకు మాత్రము తన పన్నుగడ తారుమారైనదన్న చింత తప్ప పశ్చాత్తాపము లేదు. నాటకములోని చివరి మాట కూడ అతనిదే. ఆ మాటకును మనము నవ్వుదుము. అతడు మారలేదు, రేపు మరియొక గ్రామమున మరియొక యింటి గడప త్రొక్కును. అందుచేత అతనిని గుర్తుపట్టు భారము మనపై మిగిలినది.

సోదరులారా! కన్యాశుల్కము నేడు లేదు గనుక ఈ నాటకము పాతబడినదని కొందరందురు. 1929లో బాల్యవివాహ నిరోధక శాసనము వచ్చి బాలికకు కనీసము పదునాలుగేండ్లుండవలెనన్నది. 1978 సవరణతో అది పదునెనిమిదేండ్లయినది. నిజమే. కాని నాడు పిల్లను అమ్మిన తండ్రి నేడు పిల్లతోబాటు సొమ్ము నిచ్చుచున్నాడు. 1961లో వరకట్న నిషేధ శాసనము వచ్చిన తరువాతను బేరము ఆగలేదని ఈ చావడిలోనున్న మనకెవ్వరు చెప్పవలెను? సొమ్ము నడచు దిక్కు మారినది. అరుగుమీద కూర్చుండి మాటాడువారు మారలేదు. లోపలిగదిలో నున్న పిల్లను అడుగకుండుటయు మారలేదు.

కాబట్టి పాత్ర పరిశీలనకు నేను పండితుల గ్రంథములలోని లక్షణములకంటె మూడు ప్రశ్నలు మీ చేతిలో పెట్టి సెలవు తీసికొందును. ఏ నవల చదివినను, ఏ నాటకము చూచినను ఇవి అడుగుడు. ఈ మనిషి ఎవరితో ఎట్లు మాటాడుచున్నాడు? మాటకును చేతకును ఎంత యెడమున్నది? ఈ కథలో ఎవరిని ఎవ్వరును అడుగలేదు? మొదటి రెండు ప్రశ్నలకు గిరీశము చిక్కును. మూడవదానికి సుబ్బి కనబడును.

ఆ మూడవ ప్రశ్న పుస్తకములోనే ఆగిపోనక్కరలేదు. మీ యింట సంబంధము మాటాడుటకు పెద్దలు చేరిన నాడు, ఒక్కరైన లేచి లోపలికి పోయి “అమ్మా, నీ మాటేమి?” అని అడిగినచో, ఈ గ్రంథాలయమున నలిగిన ఆ పుస్తకము ఋణము తీరినట్లే. అట్టి ప్రశ్న నాకు నేర్పిన ఆ ముదుసలికి ఈ సభాముఖమున నమస్కరించుచు, ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము కూడ జరుపుకొనవలెనని కోరుచు విరమించుచున్నాను.